దానంతట అదే

నూనె ధర గీత కిందికి దిగిందట.
దిగితే, రియాలుకు నూటిరవై అయిదు బైసలు
దానంతట అదే తెగుతదట.

బలదియా షెడ్డుల కాగితం పట్టుకొని
హమూద్ వచ్చీరాని హిందీల చెప్పిండు:
ఎవ్వలు కొయ్యలేదు, ఎవ్వల్నీ తిట్టుకోవద్దు,
ఇది ఆటోమేటిక్.
చెప్పినంతసేపు మా మొఖాలు చూడలే.

సోహార్ల ఆరు రౌండబౌట్లకు నీళ్లు పెట్టేటోన్ని,
ఆటోమేటిక్ అంటే నాకెరుక లేదా?
రాత్రి రెండింటికి వాల్వు దానంతట అదే తెరుసుకుంటది,
మూడింటికి మూసుకుంటది.
అప్పుడు నేను క్యాంపుల మంచి నిద్రల ఉంట.
పొద్దుగాల మోకాళ్ల మీద కూసొని
డబ్బా మూత తీసి ముల్లు తిప్పింది మాత్రం
ఈ చెయ్యే.

మొదలు ఆఖరి బస్సు పోయింది.
మొఫీజుల్ ఇప్పుడు నడిచొస్తడు,
ఎనకొచ్చే ట్రక్కులకు కనబడాలని
ఫోను లైటు ఈపు దిక్కు తిప్పి పట్టుకొని.

తర్వాత క్లినిక్.
నర్సుల ఎనిమిదో వంతును ఎట్ల కోస్తరు?
కొయ్యరాక, బేస్తవారమంతా తాళం ఏసిండ్రు.

లింబాద్రి కాలుకు చక్కెర పుండు.
బేస్తవారం, శుక్రారం, శనారం
అదే కట్టు, దాని మీద అదే పచ్చటి మరక.
రాత్రి పండుకునే ముందు
పెన్నుతోని మరక చుట్టూ గీత గీస్తడు,
తెల్లారి లేచి
గీత దాటిందా అని చూసుకుంటడు.
పువ్వుకూ నూటిరవై అయిదే,
పుండుకూ నూటిరవై అయిదే.
పుండుకు ఆ కాగితం చదివి వినిపించేదెవ్వలు?

ఆఖరుకు నా వంతొచ్చింది.
గంట నీళ్లల్ల ఏడున్నర నిమిషాలు తగ్గించాలె.
ముల్లు చుట్టూ పావుగంటకొక పన్ను ఉంటది,
ఏడున్నరకు పన్ను లేదు.
కోస్తే పదిహేను కొయ్యాలె,
లేకుంటే అసలే కొయ్యద్దు.

చానాసేపు కూసున్న.
ఇనుప మూత తొడకు తగిలి సుర్రుమన్నది.

పెద్దాఫీసు ముంగట పెట్యూనియాలు,
ఊదావి, తెల్లవి, అక్షరాల లెక్క నాటినం.
అక్కడ పదిహేను కోసిన.
క్లినిక్ మలుపు కాడ మూడు వేపచెట్లు,
కింద సిమెంటు బెంచీ,
తాళమున్న రోజు గూడ మరిచిపోయి వచ్చినోళ్లు కూసుంటరు.
అక్కడ ముల్లు ముట్టలే.
మూడు రౌండబౌట్లకు పదిహేను, మూడింటికి సున్న.
కాగితం మీద లెక్క నిమిషం తేడా లేదు.

పది దినాలకు అక్షరాలు ఎండినయి.
హమూద్ బండి ఆపి దిగిండు.
ఎండిన మడి చూసిండు,
దూరంగ పచ్చగున్న వేపల దిక్కు చూసిండు.
ఆయన చెల్లె సుమయ్య ఆ క్లినిక్‌లనే నర్సు.

"ఇదేంది?" అన్నడు.

"ఆటోమేటిక్" అన్న.

ఈసారి చానాసేపు
నా మొఖమే చూసిండు.