ఊదమ్మా, ఇంకా

టోకెన్ ముప్పై ఐదు. నాసరమ్మ.
మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లుగా తొడిమలు తీస్తోందట.
ఆమె కంటే ముందు ఘాటొచ్చి కూర్చుంది
గుంటూరు పెద్దాసుపత్రిలో నా ఇరుకు గదిలో.

ముక్కుకి క్లిప్పు పెడితే నవ్వింది,
"బట్టలారేసే పిన్నేగా ఇది!"
అట్టగొట్టం పళ్ల మధ్య పెట్టి
పొద్దుట్నుంచీ అరుస్తున్న మాటే మళ్లీ అరిచాను:
గట్టిగా పీల్చు. ఇప్పుడు ఊదు, ఊదు,
ఊదమ్మా, ఇంకా, ఇంకా, ఇంకా...

తెర మీద గీత
ఎక్కాల్సినంత ఎక్కలేదు.
తాలుకాయలు నింపిన టిక్కీలా
నడుం దగ్గరే కుంగిపోయింది.

"లోపలేముంటదమ్మాయ్?" అంది రొప్పుతూ.
చెప్పాను. ఒక గొట్టం, దానికి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు,
చివర గసగసాల గింజంత గదులు, కోట్ల కొద్దీ.
ఉల్లిపొర కన్నా పల్చటి గోడ.
ఇటు గాలి, అటు నెత్తురు.
ఒకదాని మొహం ఒకటి చూడదు. మాటుండదు.
ఇచ్చేది ఇచ్చి, పుచ్చుకునేది పుచ్చుకుని
ఎవరి దారిన వాళ్లు.

"ఓసి, తువాలు బేరం!" అంది.
"మా నాయన చూశాడంట.
గుడ్డ కింద వేళ్లు పట్టుకుని దలారీలు ధర తేల్చేవాళ్లు,
పక్కనే ఉన్న రైతుకి కూడా తెలిసేది కాదు."
రెండేళ్ల డిప్లొమాలో
నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు.

నేను చెప్పనిది ఒకటుంది.
పీల్చడానికి కండ కావాలి,
పక్కటెముకల అడుగున గొడుగులాంటిది,
అది కిందికి దిగి గాలిని లాగాలి.
వదలడానికి మాత్రం ఏమీ అక్కర్లేదు,
వదిలేస్తే చాలు, సాగిన రబ్బరులా అదే సర్దుకుంటుంది.
పుస్తకంలో అలా ఉంది.
నాసరమ్మకి వదలడమే కూలిపని.
వాచిన దారుల్లో పాత గాలి
కోల్డ్ స్టోరేజీలో అమ్ముడుపోని సరుకులా
కదలదు.

యాభై ఎనిమిది శాతం.
కాగితం చేతికిచ్చి, డాక్టరుగారు పదకొండో గదిలో అన్నాను.
లేచి, కొంగు దులిపి దోపుకుంది.

అంతే. నాకు తుమ్ము. వెంటనే ఇంకోటి.
కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు,
గొంతులో కంటికానని చీపుళ్లన్నీ లేచి
పైకి, పైకి, బయటికి ఊడుస్తున్నాయి.
కుర్చీ పట్టుకుని దగ్గాను.

గుమ్మంలో ఆగి, చివరిదాకా చూసింది.
"మంచిదమ్మాయ్, నీవింకా పనిచేస్తున్నయ్.
నాకు తుమ్మొచ్చి
పదేళ్లయింది."