ఏసీ నీళ్ళు

ఫహాహీల్‌లో మా బాల్కనీకి రెండే పనులు:
బట్టలారేయడం, ఏసీ నీళ్ళు పట్టడం.

సన్నటి పైపు, దాని కింద నీలం బకెట్.
సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగిన రోజు
పొద్దుగూకేసరికి అంచుకొస్తుంది.
దుమ్ము లేచిన రోజు
చెంబుడైతే గొప్ప.
ఆ లెక్క రాసే ఉద్యోగం మా పినాకినిది.
రెండో తరగతి. గోడ నిండా పెన్సిల్ గీతలు.

ఒక్క ఏరూ లేని దేశంలో
పిల్లకు ఏటి పేరేమిటని
పై అంతస్తు బిన్సీ నవ్వింది.
మా ఊళ్ళో మాత్రం పారుతోందా,
పేరన్నా పారనీ, అన్నాను.

ఆ బిన్సీ పెద్దకూతురి గౌనే
మా పినాకినికి వచ్చింది.
దీనికి పొట్టయ్యాక కింది ఇంటి షంషాద్ బిడ్డకు.
రంగు వెలిసింది గానీ కుట్టు ఊడలేదు.
లిఫ్టెక్కడం రాని గౌను, మెట్లు మాత్రమే దిగుతుంది
అంటాడు మా ఆయన.

చంటోడికి వాళ్ళ నాన్న పాత లుంగీ గుడ్డలే.
జులైలో ఆరేసి వెనక్కి తిరిగేలోపు
అప్పడాల్లా ఫెళఫెళమంటాయి.

ఎండాకాలం ఏ కుళాయి తిప్పినా సలసల నీళ్ళు.
గీజరు స్విచ్చి మే నెలలోనే కట్టేస్తాం,
అందులో నిలవున్నవే మాకు చన్నీళ్ళు.
ఇక్కడ సంసారాన్ని
చీర తిరగేసి కట్టుకున్నట్టు కట్టుకోవాలి.

ఇదంతా పుణ్యం కోసమని చెప్పను.
మొదట్లో నాలుగు దీనార్లు మిగులుతాయనే.
తర్వాత ఎప్పుడో అలవాటయింది.
ఆ అలవాటుకు పిల్ల పేరు పెట్టింది, భూమి పని అని.

స్కూల్లో భూమిని కాపాడే చార్టు తెమ్మన్నారు.
కావలసినవి: థర్మోకోల్ షీటు ఒకటి,
మెరుపుల పొడి మూడు రంగులు.
చీటీ నా చేతికిచ్చి నా మొహమే చూసింది పిల్ల.
జమియా నుంచి తెచ్చిన పాల అట్టపెట్టె విప్పి తిరగేశాను.
ఎరుపుకు బీట్‌రూట్ చెక్క, పసుపుకు పసుపే.

గీసింది.
బాల్కనీ, నూనె డబ్బాలో గోంగూర,
వెనక, మా కిటికీలోంచి రాత్రీ పగలూ కనబడే
రిఫైనరీ మంట.
మంట పక్కన నారింజ బట్టల్లో వాళ్ళ నాన్న,
చేతిలో మా నీలం బకెట్.

"బాత్రూం లైటు మర్చిపోతే నన్ను తిడతావు గదా,
అంత పెద్ద దీపం నాన్నెందుకు ఆర్పడు?"

నైట్ షిఫ్టుకు బయల్దేరిన ఓబులేసు
బూటు తాడు దగ్గర ఆగిపోయాడు.
"అది ఆరితే ప్రమాదం తల్లీ.
మిగిలిన గ్యాసు ఎక్కడికి పోతుంది? మండి పోవాల్సిందే.
ఆరకుండా చూసుకోవడమే నా పని."

అబద్ధం చెప్పలేదు.
అయినా గుమ్మం దాటేటప్పుడు మా వైపు చూడలేదు.
ఆ మంటలోంచే మా బియ్యం,
ఆ మంటలోంచే ఏసీ,
ఏసీలోంచి బకెట్, బకెట్‌లోంచి గోంగూర.
ఎక్కడ పట్టుకుని విప్పాలో నాకు చేతకాలేదు.
పిల్ల కాసేపు చూసి
మంటకు ఇంకొంచెం పసుపు రుద్దింది.
బకెట్ చెరపలేదు.

తెల్లారి ఆయనొచ్చాక
డ్యూటీ బట్టలు విడిగా నానేశాను.
బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు,
పిల్లలకు పోసిన నీళ్ళు గచ్చుకు,
మా ఇంట్లో ఏదీ ఊరికే పోదు.
చెంబు పట్టుకుని అప్పటికే నిలబడింది పినాకిని,
ఆ నల్లటి తొట్టి పక్కన.
"ఇవి మొక్కకు పొయ్యొచ్చా?"

నేను నోరు తెరిచేలోపే
నిద్ర కళ్ళతో ఓబులేసు అన్నాడు,
"వద్దమ్మా. అవి వద్దు."