హాజరు

దుర్గం కొండ మీదికి ఎండ అప్పటికే ఎక్కింది.
సంచీలో నాలుగు ఫారాలు పెట్టుకుని
ఉదయగిరి బజారు దాటి, మసీదు సందు చివర చెప్పులు విప్పాను.
"అనుమతి లేని బడుల సర్వే" అని పైన అచ్చు,
కింద ముప్పై ఒక్క గడులు.
కాంట్రాక్టు ఉద్యోగం నాది, మూడు నెలల జీతం బాకీ.
అయినా ఇవాళ ఈ సందులో
గవర్నమెంటంటే నేనే.

రేకుల వరండాలో పిల్లలు ఊగుతూ చదువుతున్నారు,
వరిమడిలో గాలి దూరినట్టు.
నన్ను చూసి చదువు ఆగింది.
ఊగడం ఇంకో రెండు క్షణాలు ఆగలేదు.

"కూర్చోండి మేడం," అన్నాడు హఫీజుల్లా హజరత్,
గడ్డం నిండా కర్రపొట్టు.
పొద్దున పాఠం, మధ్యాహ్నం నర్దికర్ర గరిటెలు.
ఆదాయ వనరు అనే గడిలో
గరిటెలు అని రాయొచ్చో లేదో ట్రైనింగులో చెప్పలేదు.
రాశాను.

ప్రహరీ? లేదు.
ర్యాంపు? "మెట్టుంటే కదమ్మా ర్యాంపు."
మంటలార్పే సిలిండరు?
ఆయన బావి వైపు చూశాడు.
తెలుగు, లెక్కలు ఎవరు చెబుతారు?
"ఒక పంతుల్ని ఇమ్మని మూడేళ్లుగా అర్జీ పెడతానే ఉండా.
మీ ఆఫీసులోనే ఉంటది, ఎతకండి."

"మూసేస్తారా?"
అడిగింది ఆయన కాదు, వంటామె మస్తాన్‌బీ,
చేటలో కందిపప్పు ఏరుతూ, తల ఎత్తకుండా.
తెలీదన్నాను.
నిజమే చెప్పాను, అబద్ధంలా వినపడింది.

నేనూ ఇలాంటి బడి పిల్లనే.
కావలి మిషను హాస్టల్లో ఊగలేదు గానీ
మోకాళ్ల మీద వాక్యాలు అప్పజెప్పాం.
సంకటి అక్కడే, అక్షరం అక్కడే, బెత్తమూ అక్కడే.
ఊరిబడి మా అమ్మను అరుగు కింద కూర్చోబెడితే
ఆ మిషను నాకు చాప వేసింది. ఆ రుణం కాదనను.
కానీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే
పేరెక్కని పిల్లల్ని చింతతోపులోకి తోలేవాళ్లు.
అనుమతి నలభై మందికి, మేం అరవై ఇద్దరం.

తోపులోకి పోయేవాళ్లలో ఏసుమణి ఒకతి.
నాదీ దానిదీ ఒకే దుప్పటి.
జ్వరం వచ్చిన నాలుగు రాత్రులూ
వార్డెనమ్మ నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసింది.
మనసారా చేసింది, నేను చూశాను.
ఆస్పత్రి రెండు మైళ్లు.
ఏసుమణి పోయింది.
రిజిస్టరులో ఎవరూ తగ్గలేదు.

గడులు పక్కన పెట్టి, పేర్లు పిలవమన్నాను.
రిజిస్టరు లేదన్నాడు, తలలోనే ఉందన్నాడు.
అయితే తలలోంచే పిలవండి, నేను రాసుకుంటాను.
షేక్ నాయబ్. పఠాన్ ఇంతియాజ్. సయ్యద్ గాలిబ్.
దూదేకుల చినమస్తాన్, ముక్కు చీదుకుంటూ.
"హాజిర్" అంటాడు ఒక్కొక్కడూ.
మేం "హాజరు" అనేవాళ్లం.
జకారం మీద గుడి తీసి చివర కొమ్ము తగిలిస్తే
మాట ఒకటే.
మదరసా మాటలో గుడి! నాలో నేనే నవ్వుకున్నాను.

ఈ కాగితం పై ఆఫీసుకు పోయి
లెక్కల పంతులై తిరిగొస్తుందో
తాళంకప్పై వస్తుందో, నా చేతిలో లేదు.
రాసిన చెయ్యి మాత్రం నాదే. రేపు ఈ సందులో
నన్నెవరైనా అడిగితే చెప్పుకోవాల్సింది నేనే.

ఇరవై ఏడు రాసి లేవబోతుంటే
మస్తాన్‌బీ చేట దించింది.
వంటింట్లోకి పోయి, తలుపు చాటున ఉన్నవాణ్ణి
భుజం పట్టుకుని వెలుగులోకి తెచ్చింది.
ఆధార్ లేదు, ఊరు తెలీదు, బస్టాండులో దొరికాడు.
హజరత్ నేల చూపులు చూస్తున్నాడు.
"వీడిది గూడా రాయి," అంది ఆమె.

పెన్ను మూత మళ్లీ తీశాను.
నేను పేరు అడగనే లేదు,
వాడు "హాజిర్" అన్నాడు.