లెక్కలోకి రాని లెక్కలు

జనవరి. ఇనుపరాయి మోసే ఓడలు ఆగిపోయాయి.
మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే డులూత్ కొండ దిగువన
సుపీరియర్ సరస్సు, ఒడ్డు పొడవునా మంచు పెచ్చు.
నా పని నంబర్లు చూడటం.

వందల్లో ఉంటే మొదటి ఏడు,
రెండు వందల్లో ఉంటే రెండో ఏడు,
నాలుగు వందలు దాటాయా,
చెప్పేవాళ్ళే గొంతు తగ్గించి చెబుతారు.
వారానికి మూడు గంటలు, పదిహేను వారాలు కూర్చుంటే
మూడు క్రెడిట్లు.
నూట ఇరవై పోగైతే టోపీ, గౌను, చప్పట్లు.
దేని తర్వాత ఏదో
బాణాలు గీసిన పటం నా బల్ల అద్దం కింద ఉంటుంది.
గుణింతం రానిదే ఒత్తుల జోలికి పోవద్దన్న
పేరిందేవమ్మ టీచరు చూపుడువేలు
ప్రతి బాణం మొనలోనూ ఉంటుంది.

ఐలా కార్పినెన్‌కి యాభై మూడేళ్ళు.
తెల్లారకముందే పసుప్పచ్చ స్కూలు బస్సు తోలుతుంది.
చేతి తొడుగులు కౌంటరు మీద పెట్టి
మార్కుల కాగితం నా వైపు తిప్పింది.
"సున్నా అని ఉంది. పాసయ్యాను కదా?"

పాసైంది. గణితం సున్నా తొంభై తొమ్మిది.
రెండుసార్లు తప్పి, మూడోసారి.
ఫీజు మూడుసార్లూ కట్టింది.
ఇంజను వేడెక్కేలోపు
స్టీరింగు మీద నోటుబుక్కు ఆనించి
భిన్నాలు చేసేదట. వేళ్ళు కొంకర్లు పోయి
హారం గీత ఎప్పుడూ వంకరేనట.

"నూటికి తక్కువ నంబరైతే డిగ్రీలో కలపరండీ,
నూట ఒకటికి వెళ్ళాలంటే మాత్రం ఇది ఉండి తీరాలి."
ఆమె కాసేపు ఆలోచించింది.
"అంటే ఇన్నాళ్ళూ గడపకి అద్దె కట్టానన్నమాట."

లెక్కల క్లాసే. లెక్కలోకి రాదు.
తెలుగులో నవ్వొచ్చే ఈ మాటని
ఇంగ్లీషులో చెప్పబోయి మానేశాను.

ఈ సున్నాని ఎన్నిసార్లు ప్రింటు తీసి ఉంటాను!
ఆ పూటే ఎందుకో
పలక మీది ఌ, ౡ కళ్ళ ముందు మెలికలు తిరిగాయి.
పుట్టి బుద్ధెరిగాక ఏ ఉత్తరంలోనూ రాయలేదు వాటిని.
అయినా అవి దిద్దనిదే
ఎ దగ్గరికి పోనిచ్చింది కాదు పేరిందేవమ్మ టీచరు.

ఆ వెనకే కళ్ళం, ధూళి, కొలగాడు సింహాద్రి.
కుంచం తలకొట్టి మొదటిది గోతంలో పోస్తూ
ఒకటి అనేవాడు కాదు.
లాభం అనేవాడు.
లాభం, లాభం, లాభం అంటూ సాగదీసి
అప్పుడు రెండు.
ఏడు రాగానే ఆ మాటని గొంతులోనే మింగేసి
ఎనిమిదికి దూకేవాడు.
మాట దాటిపోయేది. గింజలు దాటేవి కావు.
ఆ కుంచం కూడా నిండుగా గోతంలోకే పడేది.

నూట ఒకటి. మంగళ, గురువారాలు, సాయంత్రం ఆరింటికి.
ఫారం మీద ఆమె పేరు, కింద
ఇప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు: సున్నా.
ముద్ర కొడుతూ నోరు జారాను.
"లాభం."

"ఏమన్నారు?"
"మా ఊళ్ళో ఒకటికి ఆ పేరు."
ఆమె పలికి చూసింది. లాబమ్.
భ కింద ఒత్తు అందలేదు.
ముందు పాఠం లేకుండా చెబితే అంతే మరి.

తొడుగులు వేసుకుంటూ తలుపు దాకా వెళ్ళి
మళ్ళీ వెనక్కొచ్చింది.
"మరి రెండుని ఏమంటారు?"
"రెండే అంటాం."
"సరే. దాన్ని మే నెలలో వచ్చి నేనంటాను."

రెండున్నరకి బడి వదులుతారు.
కింద పార్కింగులో బస్సు ఒకసారి దగ్గి
రెండోసారికి అందుకుంది.