రుజువు కాని శిఖరం

ఎడింబరా నుంచి నలుగురు వకీళ్ళు వస్తున్నారని
ముందే పన్నెండు పేజీల ఉత్తరం వచ్చింది.
"కొండ" అనగా ఏమి, "ఎక్కుట" అనగా ఏమి,
"పడుట" జరిగినచో ఎవరు పడినట్లు.
చదివేసరికే నాకు ఆయాసం.
అసలు కొండ మూడు గంటలే.

బస్సు దిగీ దిగగానే టార్క్విల్ గారు
కంచె కోసం వెతికారు.
"ప్రవేశం నిషిద్ధం" బోర్డు కోసం వెతికారు.
ఇక్కడ కొండ మీద ఎవరైనా నడవొచ్చండీ,
మీకు తెలియని చట్టమా, అన్నాను.
"తెలుసు" అన్నారు,
పెళ్ళిలో భోజనాలు అయిపోయాక వచ్చినవాడిలా.

వాన మొదలైంది.
(మా వైపు వాన మొదలవదు. అప్పుడప్పుడు ఆగుతుంది, అంతే.)
ఏలీ గారు తలెత్తి మేఘంతో అన్నారు:
"ఆక్షేపణ!"
మేఘం తోసిపుచ్చింది.

బురదలో బూటు పోయింది.
పోయింది గ్రెగర్‌ది, వాదన మిగతా ముగ్గురిది.
బూటు బురదను ఆక్రమించిందా,
బురద బూటును జప్తు చేసిందా?
కక్షిదారు ఒంటికాలి మీద కొంగలా నిలబడి
ఇరుపక్షాలూ విన్నాడు.
వ్యాజ్యమూ తేలలేదు, బూటూ తేలలేదు.

దారి చీలిన చోట నల్లమూతి గొర్రె.
"నిన్న సాయంత్రం ఆరింటికి మీరెక్కడున్నారు?"
మర్డో గారు మొదలెట్టారు.
గొర్రె నమిలింది.
"సాక్షి మాటలు నములుతున్నారు, రాసుకోండి."
గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు గానీ
వకీలును నమ్మలేదు.
తోక చూపించి ఎడమకు పోయింది.
మేమూ ఎడమకే పోయాం.
ఆ రోజు విన్నవాటిలో
సూటి సాక్ష్యం అదొక్కటే.

చిట్టి దోమలు కమ్ముకున్నాయి.
అన్నిటి మీదా కలిపి ఒకే దావా వేద్దామన్నారు.
ప్రతివాదులు లక్ష. సమన్లు ఎవరిస్తారు?
వీపులు గోక్కుంటూ రాజీ పడ్డారు.

పైన రాళ్ళకుప్ప. చుట్టూ పొగమంచు,
ఎవరి చెయ్యి వాళ్ళకే అనుమానం.
ఇదేనా శిఖరం?
అప్పటికింకా మా దేశంలో తీర్పులు మూడు:
దోషి, నిర్దోషి, రుజువు కాలేదు.
కుప్ప చుట్టూ తిరిగారు.
తడిసిన రొట్టె తింటూ తర్జనభర్జన పడ్డారు.
చివరికి ఏకగ్రీవంగా,
"రుజువు కాలేదు."

సగం దిగాక మంచు విడిపోయింది.
వెనక్కి తిరిగితే
శిఖరం ఎండలో, తడి తడిగా,
మా రాళ్ళకుప్పకు నూరు గజాల అవతల
దర్జాగా నిలబడి ఉంది.
నలుగురూ చూశారు.
ఎవరూ ఏమీ అనలేదు.
గంటకింతని మాటలమ్మే మనుషులు
ఒక్కరైనా గడియారం చూసుకోలేదు.

నేను చూసుకున్నాను.
నాలుగు నిమిషాలు.
వాళ్ళ లెక్కలో ఆరు నిమిషాలకు తక్కువ కాలం
లోకంలో లేదట, దారిలో వాళ్ళే చెప్పారు.
అందుకే బిల్లు చివర చిన్న అక్షరాల్లో వేశాను:
"మౌనం, ఆరు నిమిషాలు."

మారు మాట్లాడకుండా కట్టారు.
వచ్చే ఏడు మళ్ళీ వస్తారట,
అప్పీలుకి.