ఐదో బిడ్డ

పది పాసైనానని ఫోను నా చేతికిచ్చినారు.
మేటంటే అంతే. పార పట్టను,
పార పట్టినోళ్ల మొగాలు పడతాను.
పొద్దున ఎనిమిదిన్నరకొకటి, మద్యానం రెండున్నరకొకటి.
రెండు ఫోటోలుంటే కూలి.
ఒకటే ఉంటే
చేసిన పని కూడా చెయ్యనట్లే.

కుందుర్పి అవతల ఎర్రగుట్ట కింద
కందకాలు తవ్వుతాండాము, ఇరవైమూడు మందిమి.
పని కింద, సిగ్నలు పైన.
మొగాలు కింద తీసి
గుట్టెక్కి పంపాల.

నిన్న పొద్దున సుంకక్క
చంకలో బిడ్డతోనే నిలబడింది.
"కండ్లు ఆర్పక్కా" అంటి.
ఆమె ఆర్పింది. బిడ్డ కూడా ఆర్పింది.
ఫోను తిరిగి తిరిగి
ఒక మొగమే ఒప్పుకునింది.

ఐదుగురు పసిపిల్లోళ్లుంటే
చూసుకునేదానికి ఒక మనిషిని పెట్టొచ్చంట,
ఆ మనిషికీ కూలంట. కాగితంలో ఉండాది.
మాకు నలుగురే.
సుంకక్క బిడ్డ, కదిరెక్క కవలలు,
హనుమక్క మనవడు. వాళ్లమ్మ బెంగుళూరులో
ఎవరి బిడ్డనో ఎత్తుకుంటాంది.
ఐదోది పెద్దక్క కడుపులో, ఆరో నెల.

కొలతల సారును అడిగితిమి.
నవ్వినాడు. మంచోడే.
"బయటికొచ్చినాక రాస్తాంలేమ్మా."
పెద్దక్క నడుం పట్టుకోని లేసింది:
"అయితే వానికీ ఒక జాబుకార్డు ఇయ్యి సారూ,
పొద్దున్నుంచి నాతోపాటే వంగుతాండాడు."

తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల.
పదిన్నరకు అందులో ఏడుపు మారింది.
అది ఆకలి ఏడుపు కాదు.
తల్లులందరూ ఒక్కసారే పారలు దించినారు.
ఒళ్లు ముట్టుకుంటే పెనం.

అప్పటికే సుంకక్క మోకాలి లోతులో ఉండాది.
గట్టు మీద ఆమె పోసిన మన్ను,
ఒక రాయి, రాయి మీద ఆమె టిఫిను డబ్బా.
నా దిక్కు చూసింది.
"పో" అన్నాను.
ఆ మాట ఫోనులో పడలేదు.

ఆసుపత్రిలో వరస ఉంటుంది.
సూదికొక వరస, చీటీకొక వరస.
రెండున్నరకు పేర్లు పిలిచినాను.
ఆమె పేరు రెండుసార్లు,
ఇంకోసారి దారి దిక్కు తిరిగి.
తర్వాత గుట్టెక్కినాను.
పంపింది నేనే. వేలు నాదే.

సాయంత్రం టేపు పట్టినారు.
పొడుగు, వెడల్పు, లోతు.
ఎవరు తవ్విందీ టేపుకు తెలీదు.
సుంకక్క మోకాలి లోతు మన్ను
ఇరవైరెండు మందికి పంచినారు.
తలకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువొస్తాయి.
ఎవరూ సంబరపడలేదు.
వద్దని కూడా ఎవరూ అనలేదు.
ఆమె డబ్బా కడిగి
హనుమక్క ఇంటికి తీసకపోయింది.

రాత్రి నిద్ర పట్టలేదు.
నాకొక కొడుకుండాడు. రెండేండ్లు.
మా అత్త దగ్గర వదిలొస్తాను.
మేటు బిడ్డ పనికాడికి రాకూడదని
ఏ కాగితంలోనూ లేదు.
నేనే తేలేదు.
అందరూ లెక్క పెడతాండారే గాని
నన్నెవరూ అడగలేదు.
అడగాలని ఎవరికి తోచలేదో,
తోచీ ఊరకున్నారో.

ఈ పొద్దు వాన్ని తెచ్చినాను.
ఒక చీర కూడా తెచ్చినాను, రెండో ఉయ్యాలకు.
తుమ్మకొమ్మకు ముడేస్తాంటే
వెనకనుంచి కదిరెక్క అనింది,
సుంకక్క బిడ్డను అనంతపురం పెద్దాసుపత్రికి
రాసినారంట రాత్రి.

వాన్ని దించి
లెక్క పెట్టినాను.
నలుగురు.