త్రీఫేజు కరెంటు

దేవరకొండ దవాఖానల ఐదు మంచాలు.
మంగళ, గురు, శని, పొద్దుగాల షిఫ్టు మాది.
నాలుగోది నాది. ఐదోది మట్టయ్యది,
నాంపల్లి దిక్కు బత్తాయి తోట మట్టయ్యది.

మొదటి దినం ఆ లావు సూదులు జూసి నేనేడుస్తుంటే
తన ఎడమ చెయ్యి నా దిక్కు చాపిండు.
"పట్టుకొని సూడు చెల్లె."
మోచేతి కాడ, తోలు కింద
బుర్రుమంటున్నది నెత్తురు.
"మోటరు. ఇరవైనాలుగ్గంటలు త్రీఫేజు.
నా బోరుకు ఏనాడన్న వచ్చిందా గింత కరెంటు?"

ఏడుపు నడిమిట్ల నవ్వొచ్చింది.
ఎనుకనే సిగ్గయింది,
ఇంట్ల పీనుగుండంగ టీవీ పెట్టినట్టు.

నీళ్ల మాట గూడ ఆయనదే.
"ఫ్లోరైడు నీళ్లున్నన్నాళ్లు
కుండలకు కుండలు తాగినం, వద్దన్నోడు లేడు.
ఇప్పుడు కృష్ణ నీళ్లు వాకిట్ల నల్లాకొస్తే
అరలీటరు దాటితే సస్తవంటడు డాక్టరు.
ఈ జిల్లాల పుట్టుడే ఒక పరీక్ష, చెల్లె,
పాసయినోణ్ణి నేనైతే జూడలే."

చూడవచ్చినోళ్లంత బత్తాయిలే తెస్తరు.
మాకవి తినొద్దు.
"నేను పెట్టిన చెట్లే నన్ను మింగనీకి
సంచులల్ల ఎక్కి వస్తున్నయి" అనుకుంట
వార్డుబాయ్ చేతుల పెడుతుండె.

నేనా మోటరు ముచ్చట ఇంటికి తెచ్చుకున్న.
మా ఆయనకు చెప్పిన, పిల్లలకు చెప్పిన.

మల్లేపల్లి ఫంక్షన్ హాల్ల
తోడికోడలి బిడ్డ లగ్గం.
బంతిల కూసున్న నా గ్లాసు
మా చిన్న మరిది భిక్షం గుంజుకున్నడు.
"వదినెకు పొయ్యకుండ్రి! మోటరు కాలిపోతది!"
బంతి బంతంత నవ్వింది.
నేను చెప్పిన మాటే. అక్షరం మారలే.
పప్పుల చెయ్యి అట్లనే ఉండిపోయింది నాకు.

రోగమున్నోళ్ల నోట్లనే నవ్వు బాగుంటదేమో
అనుకుంట ఇంటికొచ్చిన.

అట్ల గూడ కాదు.
సిస్టర్ కమలకు ఏ రోగం లేదు.
కాంటా ఎక్కిచ్చి రోజూ అంటది:
"మూడు కిలోలెక్కినవక్కా, ఎవల బంగారం మింగినవు?"
ఆమె అంటుంటే నాకు బరువు తగ్గినట్టే ఉంటది.
ఇగ నేను, మంచమెక్కిన నేను,
చక్కెర జబ్బుకు పాదం పోయిన రెండో నంబరు జంగయ్యతోని
"నీకేందన్నా, చెప్పులు సగం ధరకే" అన్న.
మట్టయ్య గూడ నవ్వలే.
జంగయ్య గోడ దిక్కు తిరిగిండు.
నా నెత్తురంత బయటికి పోయి, కడుక్కొని,
నాలుగు గంటలకు తిరిగొచ్చేదాంక
ఆ వీపే జూసిన.
తెల్లారి ఫోన్ చేద్దామనుకున్న. చెయ్యలే.

తర్వాత ఒక శనివారం ఐదో మంచం మీద
కొత్త దుప్పటి.
ఎవ్వలేమన్లే. మిషన్లే కూసినయి.

పదకొండో దినం పొయిన నాంపల్లికి.
ఆయన పెండ్లాం అంజమ్మ
నన్ను కొట్టంల కూసుండబెట్టి అడిగింది:
"మస్తు నవ్విస్తుండెనట గదా ఆడ?
ఇంట్ల నోరిప్పకపోతుండె, అమ్మా.
గోడకానుకొని కూసుంటుండె.
అన్నం పెడితే తింటుండె, లేకుంటె లేదు.
ఒక్కటి చెప్పు. ఏమంటుండె?"

ఏది చెప్పాలె?
బత్తాయిలది చెప్పబుద్ధి కాలే, చెట్లు ఎదురుంగనే ఉన్నయి.
నీళ్లది చెప్పబుద్ధి కాలే, ఆమె చేతిల చెంబున్నది.
మోటరుది చెప్పిన.

నవ్వలే ఆమె.
చెంబు కింద పెట్టి
తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని
నా మోచెయ్యి పట్టుకున్నది.
చానసేపు.
"ఆయన చెయ్యి ఎన్నడు పట్టుకోలే నేను,
నొస్తదేమో అని."

బయట ఎవలో పిలిచిండ్రు. లేవలే.
"ఉన్నదా కరెంటు?" అన్న నేనే, నెమ్మదిగ.

"ఉన్నది" అన్నది.
అప్పుడు, కండ్లు మూసుకొని,
జెరంత నవ్వింది.